కొత్త కొలువు – కొత్త బెరుకు

“కొత్తొక వింత, పాతొక రోత” అన్నారు పెద్దలు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మాత్రం ఈ సామెత తలకిందులవుతుంది. కొత్తదే రోతగా ఉంటుంది. నిన్నటిదాకా తిట్టుకున్న హాస్టలు సాంబారు కూడా గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చుతాయి.

ఈ ఏడు కళాశాల గడప దాటుతున్న మిత్రుల్లో చాలామంది, తమ ఇంట్లో నెలజీతం కళ్ళజూడబోయే మొదటివాళ్ళు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రులు మనకున్నారు. కొలువు దొరికితే ఊరికంతా పండుగే. దాన్ని పది రోజులకే వదిలొస్తే, “ఏమప్పా, అప్పుడే వచ్చేస్తివే?” అన్న ప్రశ్నకు జవాబుండదు. ఉండలేక, రాలేక నలిగిపోయే వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

ముందుగా తెలుసుకోవలసింది – ఈ బెరుకు మన చేతగానితనం కాదు. అలవాటైన చోట సగం పనులు ఆలోచించకుండానే జరిగిపోతాయి. కొత్త చోట రిజిస్టరు ఎక్కడుంటుంది, ఎవరిని ఏమని పిలవాలి, అన్నం ఎవరి పక్కన కూర్చుని తినాలి – ప్రతిదీ ఆలోచించే చేయాలి. అందుకే పెద్దగా పనేమీ చేయకపోయినా సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది. అలవాటు కుదిరేకొద్దీ ఈ బరువు దిగిపోతుంది.

అనుభవం ఉన్నవారికీ ఇది తప్పదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. మద్రాసు నుంచి తరలివచ్చిన ఉద్యోగులకు ఇక్కడ భవనాలు చాలలేదు. డేరాలు వేసి ఆఫీసులు నడిపారు. ఏళ్ళ తరబడి సర్వీసున్న గుమాస్తాలు కూడా ఆ డేరాల కింద, ఈ ఎండలో, మళ్ళీ కొత్తవాళ్ళే అయ్యారు. అయినా 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారేదాకా ప్రభుత్వం ఇక్కడి నుంచే నడిచింది.

మరి బెరుకు పోయేదెట్లా? కడపకే పోదాం. 1820లో సి.పి. బ్రౌన్ కలెక్టరుకు సహాయకుడిగా ఈ ఊరికి వచ్చేనాటికి ఇరవై రెండేళ్ళు నిండలేదు. మద్రాసు కాలేజీలో పరీక్షకు చదివిన తెలుగు వేరు, రైతు నోట వచ్చే తెలుగు వేరు. ఆయన ఆ భాషను వదలలేదు, పట్టుకున్నాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. కడపలో బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకుని, తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1852లో వెలువడ్డ ఆయన నిఘంటువును నేటికీ తిరగేస్తున్నాం. అంతటి పనికి మొదలు, కొత్త కొలువులో ఎదురైన కొత్త భాష.

ప్రతి ఆఫీసుకూ ఒక భాష ఉంటుంది. నేను చేరిన రోజు “టపాలు రాయి” అన్నారు. వచ్చిన ఉత్తరాలనే టపాలంటారని నాకు తెలీదు. అడగడానికి నామోషీ. పొద్దు వాలేదాకా ఊరికే కూర్చుంటి. చివరికి అటెండరు పెద్దాయన “ఇట్లా రా నాయనా” అని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించినాడు. కొత్త కోడెను కాడికి కట్టేటప్పుడు పక్కన పాత ఎద్దును కడతారు కదా! మీరూ అట్లాంటి వారినొకరిని చూసుకోండి. ఆయన హోదా చూడవద్దు.

అడగందే అమ్మైనా పెట్టదు. మొదటి నెలలో అడిగితే “కొత్త కదా” అంటారు. ఏడాది తర్వాత అడిగితే నవ్వుతారు. చెప్పింది చిన్న నోటుబుక్కులో రాసుకోండి, రెండోసారి అడిగే పని తప్పుతుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అందరి పనీ నెత్తిన వేసుకోవద్దు. రాజీనామా ఆలోచన వస్తే మూడు నెలలు ఆగి చూడండి.

ఒక్క మాట మాత్రం మరవకండి. జీతం ఎగ్గొట్టినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుని బెదిరించినా, అవమానించినా అది కొత్తదనపు ఇబ్బంది కాదు, అన్యాయం. దానికి అలవాటు పడనక్కరలేదు. ఇంట్లో చెప్పండి, బయటపడండి. మిగిలిన బెరుకంతా ఎండాకాలపు సుడిగాలి. కాసేపు కళ్ళలో దుమ్ము కొడుతుంది, పోతుంది.