పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు వచ్చారంట!

2018 ఎండాకాలంలో మన తెలుగు ఊళ్లలో ఒక పుకారు లేచింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంట! ఈ మాట ఎవరూ దండోరా వేసి చెప్పలేదు. ఫోనులో వచ్చింది. వాట్సాప్‌లో వచ్చింది. అక్క చెల్లెలికి పంపింది. చెల్లెలు ఆడబిడ్డకు పంపింది. ఆడబిడ్డ గ్రూపులో పెట్టింది. పిల్లల మీద ప్రేమతోనే పంపారు. ఎవరికీ చెడు తలపు లేదు.

కానీ ఏమైంది? ఊరికి కొత్తగా వచ్చినవాళ్లను జనం పట్టుకుని కొట్టారు. కొన్నిచోట్ల ప్రాణాలే పోయాయి. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు దొంగలు కారు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార కులంవాళ్లు.

ఆ రోజుల్లో ఒక వీడియో కూడా తిరిగింది. ఇద్దరు మోటారు సైకిలు మీద వస్తారు. వీధిలో ఆడుకునే పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూస్తే గుండె ఆగిపోతుంది. అది మన దేశంలో జరిగింది కాదు. పాకిస్తాన్‌లో కరాచీ నగరంలో తీసింది. పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని తల్లిదండ్రులకు చెప్పడానికి తీశారు. చివర్లో పిల్లవాణ్ణి మళ్లీ తెచ్చి దింపుతారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. మిగిలిందే ఊరూరా పాకింది.

జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పుడు పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి. ఆమె పోలీసుల్ని ఊళ్లకు పంపింది. వాళ్లు ఇంటింటికీ తిరిగారు. డప్పు కొట్టి పాటలు పాడారు. అది వట్టి పుకారని చెప్పారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు.

మరి మనకెలా తెలుస్తుంది? వచ్చిన మాట పైన బాణం గుర్తు ఉందేమో చూడండి. ఒక బాణం ఉంటే, పంపినామె సొంత మాట కాదు. రెండు బాణాలుంటే చాలా చేతులు మారి వచ్చింది. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికో, ఒక్క గ్రూపుకో మాత్రమే పంపగలం. పంపినామెనే అడగండి. “నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా?” అడిగితే తప్పేమీ లేదు. “ఏమో, వచ్చింది, పంపాను” అంటే అక్కడే ఆపేయండి.

పొరపాటున పంపేశారా? రెండు రోజులలోపు అయితే అందరి ఫోన్ల నుంచీ తీసేయొచ్చు. కానీ ఈలోగా వాళ్లు ఇంకొకరికి పంపి ఉంటే అది పోదు. అందుకే గ్రూపులో రాయండి: “నేను పంపింది నిజం కాదు. ఎవరికీ పంపకండి.”

అబద్ధమే కాదు, నిజం కూడా బాధ పెడుతుంది. సంఘంలో ఒకామె అప్పు వాయిదా కట్టలేదు అనుకోండి. ఆమె పేరు గ్రూపులో పెడితే? అది ఆమె పుట్టింటిదాకా పోతుంది. అత్తగారి చెవినా పడుతుంది. ఆమె ఇక సంఘానికి ఏ ముఖంతో వస్తుంది? సమావేశం రోజున పక్కకు పిలిచి, “ఏం కష్టం వచ్చింది వదినా?” అని అడగొచ్చు కదా!