మూసీ మీది పాత వంతెన

మన షోలాపూరు నేతవాడల కుటుంబాలలో చాలవరకు తెలంగాణ పల్లెల నుండి వచ్చినవే. పెండ్లికో, పండుగకో హైదరాబాదు పోని ఇల్లు ఉండదు. చార్మినారు చూసి వచ్చామని పిల్లలు గొప్పగా చెప్పుకుంటారు. దానికన్నా వయసులో పెద్దదైన పురానాపూలును చూశామని చెప్పేవారు మాత్రం మాకు అరుదుగా కనిపిస్తారు.

ఈ వంతెనను గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా 1578లో మూసీనది మీద కట్టించాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఇతడే. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చాడు. హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో. అనగా ఊరికన్నా వంతెనే 13 ఏండ్లు పెద్దది! గోల్కొండ సరకు ఏరు దాటి మచిలీపట్నం రేవుకు పోయే దారిలో ఉన్నదీ వంతెన. నేడు పూనా నుండి మన ఊరి మీదుగా, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి ఆ పాత దారికి చుట్టమే.

రాకుమారుడు భాగమతి కోసం వరదలోకి గుర్రాన్ని దూకించాడనీ, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడనీ పెద్దలు చెబుతారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని 1578 నాటికి ఆ రాకుమారునికి పదమూడేండ్లకు మించి ఉండవు. కనుక కథను కథగా ఉంచి కట్టడాన్ని చూద్దాం.

వంతెన పొడవు సుమారు 600 అడుగులు, వెడల్పు సుమారు 35 అడుగులు. రాయి, సున్నములతో కట్టిన కమానులు ఇరవైకి పైగా ఉన్నాయి. కమానులోని రాళ్లు ఒకదానినొకటి ఒత్తుకొని నిలుస్తాయి. పైన బరువు పడితే అవి మరింత బిగుస్తాయి. ఆ బరువు స్తంభాలలోకి, అక్కడినుండి నేలలోకి దిగుతుంది. 17వ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, పారిసులోని పాంట్ నఫ్ వంతెనకు ఇది అందంలో అంతగా తీసిపోదని వ్రాశాడు. చిత్రమేమంటే, ఆ వంతెన పని మొదలైనదీ 1578లోనే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. అఫ్జల్‌గంజి, చాదర్‌ఘాటు వంతెనలు తెగిపోయాయి. పాత వంతెన నిలిచింది. ఆ పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదను ఎగువనే ఆపే పని సాగింది. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తయ్యాయి.

కట్టిన గట్టితనమొక్కటే ఈ వంతెనను కాపాడలేదు. 1820లో వరదకు దెబ్బతింటే సికందర్ జా కాలంలో మరమ్మతు చేశారు. ఇప్పుడు పెద్ద బండ్లు ప్రక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. పాతదాని మీద కూరగాయల అంగళ్లు వెలిశాయి. బరువు తగ్గినంత మాత్రాన బాగోగులు చూడనక్కరలేదని కాదు. సాంచా ఎంత మంచిదైనా నూనె వేయనిదే నడవదని మన వాడలలో ఒకరు చెప్పాలా?

ఈసారి హైదరాబాదు పోయినప్పుడు చార్మినారుతో తిరిగి రాకండి. అక్కడికి దగ్గరే. పిల్లలను తీసుకుపోయి, ఎన్ని కమానులున్నాయో వారిచేతనే లెక్క పెట్టించండి.