జానెడు కారు – ఇంటిల్లిపాదికీ కొన్ని జాగ్రత్తలు



విదేశాల్లో ఉన్న బంధువులు సెలవులకు వచ్చినప్పుడు పిల్లలకు తెచ్చే కానుకల్లో ప్లాస్టిక్ కారు కిట్ ఒకటి. పెట్టె మీద ఎర్రని కారు బొమ్మ ఉంటుంది. తెరిచి చూస్తే కారు ఉండదు, వందకు పైగా చిన్న చిన్న ముక్కలుంటాయి. వాటిని మనమే అంటించి, రంగు వేసి కారుగా కట్టుకోవాలి.

రామతీర్థంలో ఒక ఇంటికి అలాంటి పెట్టె వచ్చిందనుకుందాం. తాతగారికి మణికట్టు విరిగి, కట్టు విప్పి నెల అయింది. మనవడు ఎనిమిదో తరగతి. వాడి చెల్లెలికి రెండేళ్లు. ఈ ముగ్గురికీ ఆ పెట్టెతో మేలూ ఉంది, అపాయమూ ఉంది. రెండూ తెలుసుకుందాం.

ఇది ఏ కారు?

పెట్టెలో ఉన్నది 1964లో అమెరికాలో వచ్చిన పాంటియాక్ జీటీవో. మామూలు సైజు కారులో చాలా పెద్ద ఇంజను పెట్టి అమ్మిన ఇలాంటి బళ్లను ‘మజిల్ కార్లు’, అంటే కండబలం ఉన్న కార్లు అన్నారు. మనందరికీ తెలిసిన అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను సుమారు ఒకటిన్నర లీటర్లది. జీటీవో ఇంజను సుమారు 6.4 లీటర్లది, అంటే నాలుగు రెట్లకు పైనే. బీమా ఖర్చు, పొగపై ఆంక్షలు, 1973 నాటి చమురు కొరత కలిసి ఈ కార్ల జోరు తగ్గించాయి.

‘‘తాతా, ఇరవై ఐదో వంతు అంటే ఎంత?’’ అని మనవడు అడుగుతాడు. అసలు కారు పొడవు సుమారు 516 సెంటీమీటర్లు. దాన్ని 25తో భాగిస్తే 20.6 సెంటీమీటర్లు. అంటే జానెడుకు కాస్త తక్కువ. చక్రం, తలుపు, స్టీరింగు అన్నీ అదే లెక్కలో తగ్గుతాయి. అందుకే స్టీరింగు చక్రం చొక్కా గుండీ అంత ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

కట్టే వరుస

1. ముక్కలను ఫ్రేముతో సహా సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి అంటిన జిడ్డు పోకపోతే రంగు పట్టదు.
2. ముక్కను చేత్తో విరవకూడదు. గోళ్ల కత్తెరతోనైనా కత్తిరించి, అంచును ఉప్పు కాగితంతో నున్నగా చేయాలి. కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు.
3. గమ్ము పెట్టక ముందే ముక్కలు సరిగా కూర్చుంటున్నాయో లేదో చూసుకోవాలి.
4. ఇంజను, అడుగు భాగం, సీట్లు విడివిడిగా కట్టి, పై తొడుగును చివర బిగించాలి.
5. రంగు పలచగా వేసి, పూర్తిగా ఆరాకే రెండో పూత వేయాలి. తొందరపడితే వేలిముద్రలే మిగులుతాయి.

చేతికి మేలు

చాలా రోజులు కట్టులో ఉన్న చేతికి వేళ్లు బిగుసుకుపోతాయి. చిన్న ముక్కను బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోవడం, తిప్పడం, కుంచె కదిలించడం వేళ్లకు మంచి పని. అయితే ఇది డాక్టరుగారు, ఫిజియోథెరపీవారు చెప్పిన వ్యాయామానికి బదులు కాదు. వారిని అడిగాకే మొదలుపెట్టండి. పావుగంటతో ప్రారంభించి, నొప్పి గానీ వాపు గానీ వస్తే ఆపండి. బ్లేడు పని మాత్రం బలం తిరిగి వచ్చేవరకు వద్దు.

షుగరు వల్ల గానీ, కుష్ఠు వల్ల గానీ చేతులు మొద్దుబారినవారికి బ్లేడు తెగినా తెలియదు. పని ముగించాక మంచి వెలుతురులో రెండు చేతులూ చూసుకోవాలి. గాయమైతే సబ్బు నీటితో కడిగి, టెటనస్ ఇంజక్షను గురించి ఆసుపత్రిలో అడగండి.

గమ్ము, పెయింటు

ప్లాస్టిక్ గమ్ము ముక్కల అంచులను కాస్త కరిగించి ఒకటిగా కలుపుతుంది. కరిగించే ఆ ద్రవం ఆవిరై గాలిలో కలుస్తుంది. పీలిస్తే తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తాయి. కిటికీలు తెరిచి, లేదా వీధి అరుగు మీద పని చేయండి. ఆ ఆవిరికి నిప్పంటుకుంటుంది కనుక పొయ్యి దగ్గర వద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. మత్తు కోసం గమ్ము వాసన పీల్చే అలవాటుకు కొందరు పిల్లలు లోనవుతారు. దానివల్ల గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణం పోవచ్చు. గమ్ము సీసా పెద్దవారి దగ్గరే ఉండాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

త్వరగా అంటుకునే సూపర్ గమ్ముతో వేళ్లు అతుక్కుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి మెల్లగా విడదీయండి. కంట్లో పడితే నీటితో కడుగుతూ వెంటనే రండి. రెప్పలను బలవంతంగా తెరవకండి.

సీసం సంగతి

ఆ కాలపు కార్లు నడిచిన పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ పొగతో సీసం గాలిలోకి, నేలలోకి చేరింది. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో ఆపింది.

పెయింటులో సీసం కథ కూడా ఉంది. ఇళ్లకు వాడే పెయింట్లలో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండరాదని మన ప్రభుత్వం 2016లో నియమం చేసింది. కాబట్టి మూల పడి ఉన్న పాత డబ్బా పెయింటును పిల్లల బొమ్మలకు వాడకండి. మింగిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దల కంటే చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తం తగ్గుతుంది, మెదడు ఎదుగుదల దెబ్బ తింటుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు లేదు. ఇనుము లోపం ఉన్న పిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ.

చంటిపిల్లలకు ఆడుకోను బొమ్మ కావాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక ఉంది. అక్కడివారు అంకుడు కర్రను తరణి పట్టి, లక్కతో నున్నగా బొమ్మలు చేస్తారు. పసుపు, నీలిమందు వంటి సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. సహజమైన రంగులు వేసినదేనా అని అడిగి, ఊడే ముక్కలు లేనిది చూసి కొనండి.

గుండీ అంత చక్రం

ఇప్పుడు చెల్లెలి సంగతి. మూడేళ్ల లోపు పిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. ముక్కలను మూత ఉన్న డబ్బాలో వేసి, లెక్క చూసి, ఎత్తుగా పెట్టండి. పని అయ్యాక నేల ఊడ్చండి.

గొంతులో ముక్క అడ్డుపడినప్పుడు బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ఊపిరాడకపోతే:

• ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. మార్చి మార్చి చేయాలి.
• ఏడాది లోపు బిడ్డను తల కిందుగా ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద 5 సార్లు తట్టాలి. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 సార్లు నొక్కాలి. పొట్ట నొక్కకూడదు.
• కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు. అది ఇంకా లోపలికి పోతుంది.
• ఒకరు ఇది చేస్తుంటే మరొకరు 108కి ఫోన్ చేయాలి.

ముక్క బయటకు వచ్చినా బిడ్డను డాక్టరుకు చూపించండి. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో తరచుగా కనబడదు. ఆడుకుంటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, ఆ తర్వాత దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే ‘‘ఇంట్లో కారు ముక్కలు ఉన్నాయి’’ అని డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట బిడ్డ ఊపిరితిత్తిని కాపాడవచ్చు.

రోజుకు పావుగంట చొప్పున కడితే కారు పూర్తి కావడానికి నెల పట్టవచ్చు. పట్టనివ్వండి. తాతగారి వేళ్లు కదులుతాయి, మనవడికి భాగహారం వస్తుంది. చివరి ముక్క కూడా లెక్కకు వచ్చాక జానెడు కారును చెల్లెలికి అందని అలమరలో పెట్టండి.