ఒక ప్యాకెట్ విత్తనానికి రెండు వందల పూలు

పత్తి విత్తనాల ప్యాకెట్‌లో దాదాపు 450 గ్రాముల గింజలుంటాయి. లెక్కపెడితే నాలుగైదు వేలు తేలతాయి. ఒక్కో కాయలో ఇరవై, ముప్ఫై గింజలు కడతాయి కాబట్టి ఆ ఒక్క ప్యాకెట్ నిండాలంటే సుమారు 200 పూలకు ఎవరో ఒకరు ఒక్కొక్కదానికీ మొగ్గలోనే రేకలు ఊడదీసి, తెల్లారి పుప్పొడి రుద్ది ఉండాలి. మన దేశంలో ఏటా నాలుగు కోట్లకు పైగా ప్యాకెట్లు అమ్ముడుపోతాయి. ఈ పని యంత్రాలు చేయవు. ఆడవాళ్లు చేస్తారు. ఒకప్పుడు మాలాంటి ఆడపిల్లలం చేశాం.

మాది కొత్తకోట పక్కన ఒక పల్లె. ఇప్పుడు వనపర్తి జిల్లా, అప్పుడు మహబూబ్‌నగర్, అంటే పాలమూరు. ఏడో తరగతి అయిపోయిన ఏడు, 1990ల చివర్లో, మా అమ్మ తీసుకున్న అడ్వాన్సుకు నన్ను సీడ్ పత్తి చేన్లకు పంపారు. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కి దిగితే నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న గద్వాల, అలంపూర్ నేల. అక్కడి చేన్లలో పత్తి దూది కోసం కాదు, విత్తనం కోసం పండుతుంది.

ఆ పనిని అందరూ క్రాసింగ్ అంటారు. చేనులో నాలుగైదు పాళ్లు ఆడ మొక్కలు, ఒక పాలు మగ మొక్కలు. మధ్యాహ్నం దాటాక, రేపు విచ్చుకోబోయే మొగ్గను వెతికి పట్టుకోవాలి. బొటనవేలి గోరుతో మొగ్గ అడుగున చుట్టూ గాటు పెట్టి, రేకలనూ కేసరాల గొట్టాన్నీ కలిపి మెలితిప్పి లాగేయాలి. లోపలి పిందెకు గోరు తగిలిందా, అది రాలిపోతుంది. మధ్యలో సన్నని కీలం మాత్రం నిలబడాలి. గుర్తుకు ఎర్ర కాగితం తొడగాలి. తెల్లారి తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపల మగ పువ్వు తెచ్చి, ఎర్ర కాగితం ఉన్న ప్రతి కీలానికీ పుప్పొడి అద్దాలి. ఒక మగ పువ్వు నాలుగైదింటికి సరిపోతుంది. ఒక్క రోజు తప్పినా ఆ పూత పోయినట్టే. అందుకే రెండు నెలల పాటు ఆదివారం లేదు, పండుగ లేదు. జ్వరం వచ్చినా చేనుకు పోవాల్సిందే.

పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మళ్లీ మూడు నుంచి చీకటి పడేదాకా. ఈ వేళలు చూడండి. బడి గంటల మీదే పడతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా రాని పిల్ల పేరును బడి రిజిస్టరులో ఎవరూ దాచి ఉంచరు.

ఆడపిల్లలే ఎందుకు అని అడిగితే రైతులు చెప్పే జవాబులు చాలా ఉండేవి. వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు, ఓపికగా వంగుతారు. పెద్దమనిషైన పిల్ల ముట్టుకుంటే పూత నిలవదని మా చేను దగ్గర ఒక ముసలాయన గట్టిగా నమ్మేవాడు. అసలు కారణం మా అమ్మకు తెలుసు. “పెద్దోళ్లయితే కూలి అడుగుతరు బిడ్డా, పిల్లలైతే అడగరు” అనేది.

నేను పనిచేసిన చేను ఏ కంపెనీదో అప్పుడు నాకు తెలియదు. మాకు కనిపించింది రైతు. రైతుకు కనిపించింది సీడ్ ఆర్గనైజర్. పెట్టుబడి ఇచ్చేదీ, మూల విత్తనం తెచ్చేదీ, పంట తీసుకుపోయేదీ ఆర్గనైజరే. ఆయన వెనక ఎవరున్నారో చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను.

సంకర పత్తి మన దేశంలోనే పుట్టింది. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4 మొదటిది. అప్పట్లో అది ప్రభుత్వ పరిశోధన. 1988 కొత్త విత్తన విధానం, 1991 ఆర్థిక సంస్కరణలు తలుపులు తెరిచాక ప్రైవేటు కంపెనీలు, వాటి వెంట విదేశీ కంపెనీలు వచ్చాయి. 1998లో మోన్‌శాంటో, మహికో అనే మన దేశపు విత్తన కంపెనీలో వాటా కొన్నది. 2002 మార్చిలో, కాయతొలుచు పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తికి అనుమతి దొరికింది. అమెరికాలో కూడా బీటీ పత్తి పండుతుంది, కానీ అక్కడ మామూలు రకాల్లో. సంకర పత్తి ఇంత విస్తారంగా సాగయ్యేది మన దేశంలోనే. సంకర విత్తనాన్ని దాచుకుని మళ్లీ వేస్తే పంట దెబ్బతింటుంది కాబట్టి రైతు ఏటా కొనాలి. కంపెనీకి అది లాభం. మరి కోట్ల పూలను చేత్తో క్రాసింగ్ చేసే ఖర్చో? పాలమూరు, కర్నూలు పిల్లల చౌక కూలి ఉండబట్టే అది గిట్టుబాటయింది. మా పేదరికం లేకపోతే ఈ వ్యాపారం ఈ రూపంలో నిలబడేదే కాదని నేను నమ్ముతాను.

దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా 2001లో ఈ చేన్ల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. వెట్టి పోలేదు, దాని వయసూ లింగమూ మారాయి అన్నది అందులోని సారం. చదువుతుంటే మా ఇల్లే కళ్ల ముందు కదిలింది. మా తాత జీతగాడు, పటేలు దగ్గర అప్పుకు ఏళ్లకేళ్లు జీతమున్నాడు. మా నాయిన ఆ జీతం వదిలించుకుని పాలమూరు లేబర్‌లో కలిసి, మేస్త్రి వెంట బొంబాయి పోయాడు. ఊళ్లో మిగిలిన అప్పుకు నేను పోయాను. మగవాళ్లు బయటపడిన కట్టులోకి ఆడపిల్లలు చేరారు.

2003లో వెంకటేశ్వర్లు రాసిన మరో నివేదిక నెదర్లాండ్స్‌లో వెలువడి, బేయర్, మోన్‌శాంటో, సింజెంటా వంటి పేర్లను బయటపెట్టింది. యూరప్‌లో అలజడి రేగింది, కంపెనీలు మాట్లాడటానికి కూర్చున్నాయి. బడి బయటి పిల్లలందరూ బాలకార్మికులే అని పట్టుబట్టిన ఎం.వి. ఫౌండేషన్ శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చిందీ ఆ ఏడాదే. 2005 నాటి నివేదిక ఇంకా లోతుకు వెళ్లింది. కంపెనీలు రైతుకు ఇచ్చే ధరతో పెద్దవాళ్ల కూలి గిట్టదని, అందుకే పిల్లలు వస్తున్నారని చెప్పింది. తప్పంతా రైతుదే అని తేల్చేసే వాళ్లు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లోనే బీటీ విత్తనం ప్యాకెట్ ధర 1,850 రూపాయల దాకా పోయింది. అందులో 1,250 రూపాయలు కేవలం టెక్నాలజీ రుసుము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు ఎక్కాక ప్యాకెట్ ధర 750కి దిగింది. జన్యువుకు వెల కట్టారు, పువ్వు పట్టిన చేతికి మాత్రం ఏ కాగితంలోనూ లెక్క లేదు.

ప్రపంచం మా ఊరికి ఒక్క రూపంలోనే రాలేదు, అదీ చెప్పాలి. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో మాదొకటి. నేను మళ్లీ బడికి పోయి, పదో తరగతి గట్టెక్కి, ఆ తర్వాత ఆ పథకంలోని ఆడవాళ్ల పొదుపు సంఘాల లెక్కలు రాసే పనిలో చేరాను. వెయ్యి రూపాయల అవసరానికి ఆర్గనైజర్ ఇంటికి పోయే తల్లి, సంఘంలో తీసుకుని తన బిడ్డను ఇంట్లో ఉంచుకోవడం నా పుస్తకంలో నేనే రాశాను. ఆ అప్పులకూ వడ్డీ ఉంది, వాయిదాల ఒత్తిడి ఉంది. అయినా ఆ రెండు అప్పులూ ఒకటి కావు.

కొత్తకోట మగ్గాల ఇళ్లకు ప్రపంచం ఇంకో రూపంలో వచ్చింది. 2000 తర్వాత చైనా ముడిపట్టు చౌకగా దిగింది, పట్టు ధర ఎక్కినప్పుడల్లా దిగినప్పుడల్లా మొదట వణికేవి ఆ ఇళ్లే. కండెలు చుట్టే ఆడమనిషికి విడిగా కూలి లేదు, అది నేత కూలిలోనే కలిసిపోతుంది.

ఇప్పుడు సీడ్ చేన్లలో చిన్నపిల్లలు మునుపటంత కనిపించరు. పూర్తిగా పోయారనలేను. 2016 చట్ట సవరణ, బడి గంటల తర్వాతా సెలవుల్లోనూ పిల్లలు కుటుంబ పనిలో సాయం చేయవచ్చని సందు వదిలింది. సీడ్ చేను కాగితాల మీద ఎప్పుడూ కుటుంబ వ్యవసాయమే. దసరా సెలవులు క్రాసింగ్ నడిచే రోజుల్లోనే వస్తాయి. పిల్లలు తగ్గిన చోట పెద్ద ఆడవాళ్లు వచ్చారు, నదవతల నుంచీ కర్ణాటక సరిహద్దు నుంచీ.

మా సంఘంలో ఒకామె పోయిన వానాకాలం క్రాసింగ్‌కు పోయి వచ్చింది. మందు కొట్టిన చేనులోకి ఆ పొద్దే దింపారని చేతులు చూపింది. అరచేతుల తోలు లేచింది. “ఎవరినడగాలక్కా? రైతునడిగితే కంపెనీ అంటడు, కంపెనీ యాడుందో నాకెర్క లేదు” అన్నది. ఇప్పుడు ఒప్పందం రైతుకూ ఆర్గనైజర్‌కూ మధ్య, ఆర్గనైజర్‌కూ కంపెనీకీ మధ్య ఉంటుంది. ఆ కాగితంలో కూలీల పేర్లు, రోజు కూలి, మందు కొట్టాక చేనులోకి దిగకూడని గడువు రాయించాలని మా మండల సంఘం సమావేశంలో ఈసారి తీర్మానం పెడుతున్నాం. ముసాయిదా నేనే రాస్తున్నాను. కంపెనీ పేరు కూడా అందులో ఉండాలని ఆమె పట్టుబట్టింది. రాశాను.