ఇప్పచెట్టును కాచు కట్టుబాటు



చైత్రము సమీపించినప్పుడు ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతముల అడవులలో తెల్లవారకమున్నే ఇప్పపూవు రాలును. గోండు, కొలాము స్త్రీలు గంపలతో వెడలి నేలరాలిన పూవునే ఏరుకొందురు; చెట్టును గొడ్డలితో ముట్టరు. క్రొత్తపూవును దేవతకు నివేదింపక మున్ను ఎవ్వరును నోట బెట్టరాదనునది వారి పూర్వాచారము. క్రొత్తధాన్యమునకును ఇదియే నియమము. ఆషాఢమున అకాడి పూజ ముగిసినగాని టేకు ఆకును కోయరు.

దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయువారు కలరు. ఇందలి ప్రయోజనమును మాత్రము విచారింతము. పక్వము కాకమున్ను కోసిన కాయలో గింజ ముదురదు; ముదురని గింజ మొలవదు. ఒక్కడు తొందరపడినచో, తనకు మిగులదను భయముచే పొరుగువాడును తొందరపడును. సారపప్పుకొఱకు మొఱ్ఱికొమ్మలు నఱకుటయు, తపసిబంకకొఱకు చెట్టు ఎండునంత లోతుగా గాట్లు పెట్టుటయు ఇట్టి పోటీవలననే కలుగుచున్నవి. అందఱకును ఒక్కటే దినము నిర్ణయించినచో ఆ భయము తొలగును. మన సహకార సంఘముల నిబంధనలకును మూలమిదియే కదా!

మనది వానకారడవి కాదు, ఆకురాల్చు అడవి. అయినను దూరమున నున్న అమెజాను అరణ్యవాసులును బ్రెజిలుకాయలను నేలరాలిన పిదపనే ఏరుకొందురు. చెట్టు నిలిచిననే కదా ఫలము!

జంతువులయెడ వీరి భావము గమనింపదగినది. మెస్రం వంశీయులు పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరున నాగోబాను కొలుతురు; అభిషేకమునకు గోదావరిజలమును కాలినడకన గొనివత్తురు. పొలాల అమావాస్యనాడు ఎద్దులను కడిగి, అలంకరించి, పూజింతురు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని నాయకపోడులు లక్ష్మీదేవరను గుఱ్ఱపుమొగము గల మూర్తిగా సేవింతురు. తమతోపాటు బ్రదుకు ప్రాణులను వీరు కేవలము సొత్తుగా నెంచరు.

ఇట్టి జనుల చేతినుండి నిజాము ప్రభుత్వకాలమున అడవి జాఱిపోయెను. రిజర్వు హద్దులు గీయబడి, పోడు నిషేధింపబడి, పల్లెలు ఖాళీ చేయింపబడెను. ఆ పోరాటమున 1940లో కొమరం భీము జోడేఘాటున ప్రాణములర్పించెను. పిమ్మట హైమన్‌డార్ఫ్ పండితుడు వీరి నడుమ నివసించి 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథమును ప్రకటించెను. అటవీఫలములను కొనుటకు గిరిజన సహకార సంస్థ 1956లో నెలకొల్పబడెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు అడవిని కాపాడు అధికారమును సైతము ఒసగినది. 2012లో కవ్వాల పులుల అభయారణ్యమాయెను.

అయినను అంతయు బాగున్నదని పలుకుట సత్యము కాదు. పూవు సులభముగా ఏరుకొనుటకై ఇప్పచెట్ల క్రింద ఆకులకు నిప్పు పెట్టుట నేడు పెక్కు చోట్ల కనబడుచున్నది. ఆ నిప్పుతో ఇప్పమొలకలును మాడిపోవును. ముసలిచెట్లు పడిపోయిన నాడు మన మనుమలు ఏమి ఏరుకొందురు?

అంతకన్న ఘోరమైనది విద్యుత్తీగ. అడవిపందులు మొక్కజొన్నను పాడుచేయుట నిజమే. ఆ నష్టము కర్షకునకు పెద్దదే. కాని చేనిచుట్టు కరెంటు తీగ చుట్టినచో పందియే చావదు. పులియు, రాత్రివేళ నీరు కట్టబోవు పొరుగురైతును ఒక్క తీరుగనే చత్తురు. గింజను కాచుకొనబోయి మనిషిని పోగొట్టుకొనుట వ్యవసాయమగునా?

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున నాలుగు తీర్మానములు చేయుడని ప్రార్థన. ఇప్పపూవునకును మొఱ్ఱికాయకును ఏరుదినమును గ్రామమంతయు కలసి నిర్ణయింపవలెను. చెట్ల క్రింద నిప్పు పెట్టక చీపురుతో ఆకును తొలగింపవలెను. గట్లపై ఇప్పచెట్లను నఱకరాదు. విద్యుత్తీగను మానుకొని, వంతులవారీగా కావలియుండి, పంటనష్టమునకు అటవీశాఖవారికి వెంటనే అర్జీ పెట్టుకొనవలెను.

గోండుల పెద్దలు ఈ కట్టుబాటును దేవతపేర నిలిపిరి. మనము సంఘముపేర నిలుపుదము. పేరేదైనను, చెట్టు మిగులుట ముఖ్యము.