మూర్ఛకు వాడు ఫినోబార్బిటోన్ మాత్ర

మూర్ఛ వచ్చు మనిషికి పంట కాలువ గట్టు ఎంత ప్రమాదమో డెల్టా రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఫిట్ వచ్చి బోర్లా పడినచో మోకాలి లోతు నీటిలో కూడ ప్రాణము పోవును. ఇది గాలి సోకుట కాదు, అంటువ్యాధి కాదు. మెదడులోని కణములలో విద్యుత్ ప్రసారము ఒక్కసారి అదుపు తప్పుటవలన వచ్చును. మందు సరిగా వాడినచో చాలామందికి ఫిట్లు ఆగిపోవును.

అట్టి మందులలో పాతది, చవకది ఫినోబార్బిటోన్. నిద్రకు వాడు ఈ మందు ఫిట్లను కూడ ఆపునని 1912లో జర్మనీలో హౌప్ట్‌మన్ అను వైద్యుడు గమనించెను. మన వైపు గార్డినాల్ అను పేరుతో చాలామంది దీనిని ఎరుగుదురు. మోతాదు వైద్యుడే నిర్ణయించవలెను. సాధారణముగా రాత్రి పడుకొనబోవు ముందు ఒకేసారి వేసికొందురు. పూర్తి గుణము కనిపించుటకు రెండు మూడు వారములు పట్టును.

అన్నిటికంటె ముఖ్యమైనది, మాత్రను తమంతట తాము మానరాదు. కాలువ కట్టివేసిన నాడే చేను ఎండిపోదు గదా! పెద్దవారిలో ఈ మందు రక్తములో సగమునకు తగ్గుటకే సుమారు మూడు నాలుగు దినములు పట్టును. అందుచేత మానిన మొదటి రెండు రోజులు ఏమియు కాదు, "నయమైపోయినది" అనిపించును. తరువాత ఫిట్లు వెంటవెంటనే వచ్చి, తెలివి రాకుండ ప్రాణము మీదికి వచ్చుట కలదు. ఏండ్ల తరబడి ఫిట్లు రాకున్నను, వైద్యుడు చెప్పినట్లు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించియే మానవలెను. ఒక రాత్రి మరచినచో జ్ఞాపకము రాగానే వేసికొనవచ్చును. మరునాడు రెండు కలిపి మింగరాదు.

లంక గ్రామములవారు దీనిని మరింత గట్టిగా పట్టించుకొనవలెను. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినట్టి వరదలలో పడవ తప్ప దారి యుండదు. ఆ నెలలు రాక ముందే వైద్యుని అడిగి అదనపు మాత్రలు తెచ్చుకొని, చీటీతో సహా నీరు చొరని డబ్బాలో ఉంచుకొనుట మేలు. ఊడ్పుల సందడిలో మరచువారికి ఇంటిలో ఒకరు గుర్తుచేయవలెను.

ఈ మందు మగతను కలిగించును, మొదటి వారములలో మరీ ఎక్కువ. ట్రాక్టరు, నూర్పిడి యంత్రము, కొబ్బరి దింపు వంటి పనులకు పోరాదు. ఫిట్లు పూర్తిగా అదుపులోనికి రానివారు ఒంటరిగా కాలువలో స్నానము చేయరాదు. కల్లు, సారా దీనితో కలిసినచో ఊపిరి మందగించి మనిషి చనిపోవచ్చును. కుటుంబ నియంత్రణ మాత్రల గుణమును కూడ ఇది తగ్గించును. గర్భిణులు భయపడి మానక, వెంటనే వైద్యునికి చెప్పవలెను. ఒంటిపై దద్దుర్లు లేచినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పిల్లలు ఎక్కువ మాత్రలు మింగినచో ప్రాణాపాయము. పురుగుమందు వలెనే దీనిని కూడ తాళము వేసి యుంచవలెను.

పురుగుమందు చల్లుచుండగా ఫిట్ వచ్చిన మనిషికి ఇంటిలోని ఈ మాత్ర ఇచ్చి ఊరుకొనరాదు. అది విషప్రభావము కావచ్చును. మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్చవలెను.

ఫిట్ వచ్చినపుడు తాళపుచెవులు చేతికిచ్చుట, నోటిలో చెంచా పెట్టుట, నీరు పోయుట వలదు. నీటికి, నిప్పుకు దూరముగా జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. ఐదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను 108కి ఫోను చేయవలెను.