గొఱ్ఱెల పుష్టిని చేతితో తడిమి తెలిసికొను విధము

మందను గట్టుమీదనుండి చూచి బాగున్నదని తలచుట రైతులకు వాడుక. దక్కను నల్లగొఱ్ఱె విషయమున ఈ చూపు నమ్మదగినది కాదు. బొచ్చు పెరిగినప్పుడు చిక్కిన గొఱ్ఱెయు నిండుగా అగపడును. మేసి నీరు త్రాగి వచ్చిన సాయంకాలమున డొక్కలుబ్బి మఱింత నిండుగా తోచును. బొచ్చు కత్తిరించిననాడు ఎముకలు బయటపడగా, పట్టాదారు కాపరిని మందలించును. గొఱ్ఱె చిక్కుట మాత్రము అంతకు రెండు మాసముల ముందే జరిగియుండవచ్చును. తూనికయు సరియైన సాక్షి కాదు. కడుపులోని మేత, పిల్ల, తడిసిన బొచ్చు, అన్నియు త్రాసులోనికి ఎక్కును.

దక్షిణ అమెరికాలోని పెరూ, బొలీవియా పీఠభూముల జంతువులగు ఆల్పకా, లామాల విషయమునను ఇదే చిక్కు కలదు. ఉన్ని క్రింది శరీరము కంటికానదు గనుక వాని పుష్టినిగూడ వెన్ను తడిమియే నిర్ణయింతురు. గొఱ్ఱెలకు ఇట్లు 0 మొదలు 5 వఱకు అంకెలు వేయు పద్ధతిని 1961వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో జెఫరీసు అను నతడు ప్రకటించెను. దీనికి చేయి తప్ప వేఱు పనిముట్టు అక్కఱలేదు.

గొఱ్ఱెను చదునైన నేలపై నిలిపి, బెదరకుండ పట్టుకొనవలెను. అది బిగబట్టినచో కండ చేతిని మోసగించును. కడపటి ప్రక్కటెముకకు వెనుక, తుంటికి ముందు, నడుముపై చేయి యుంచి, బొచ్చును ఒత్తి వ్రేళ్లకొనలతో వెదుకవలెను. మొదట వెన్నుపూసల కొనలు ఎంత వాడిగా తగులుచున్నవో, పిమ్మట ఇరుప్రక్కల అడ్డముగా వచ్చు ఎముకల క్రిందికి వ్రేళ్లు ఎంతవఱకు పోవుచున్నవో చూడవలెను.

పూసలు ఱంపపు పండ్లవలె తగిలి, అడ్డపు టెముకల క్రిందికి వ్రేళ్లు అడ్డులేక పోయినచో అంకె 1. కొనలు తెలియుచున్నను మొద్దువారి, కొంచెము ఒత్తిననే వ్రేళ్లు లోనికి పోయినచో 2. వెన్ను గుండ్రముగా నుండి, గట్టిగా ఒత్తినగాని అడ్డపు టెముకలు దొరకనిచో 3. పూసలు ఒక గీతవలె మాత్రము తెలిసినచో 4. అదియు తెలియనిచో 5. బయటి మేతపైననే బ్రతుకు మందలలో ఈ కడపటి రెండును అరుదు. 0 అనగా తోలు ఎముకకు అంటిన చావుదశ. అలవాటు లేనివారు తమ చేతినే కొలతగా పెట్టుకొనవచ్చును: బిగించిన పిడికిలి కణుపులను తడిమినట్లున్న గొఱ్ఱె చిక్కినది; చాచిన చేతి వెనుక, వ్రేళ్ల మొదళ్లను తడిమినట్లున్నది పుష్టిగలది.

తొలకరి గడ్డిపై పొట్టేలు దాటిన గొఱ్ఱె సుమారు 150 దినములకు, కార్తీక మార్గశిరములలో ఈనును. గర్భములోని పిల్ల బరువులో మూడింట రెండువంతులు కడపటి 6 వారములలోనే పెరుగును. పైరులు చేలలో నిలిచి, మంద గట్లకును బీళ్లకును పరిమితమై యుండు కాలము సరిగా అదియే. అప్పుడు 2కు తక్కువైన గొఱ్ఱె బలములేని పిల్లను వేయును, పాలును చాలవు. పిల్ల కొద్ది దినములలో చచ్చిన, నేరము చలిమీదికి పోవును. కాన దాటింపునకు నెలన్నర ముందును, ఈనుటకు రెండు మాసముల ముందును తడిమి చూచి, చిక్కినవానిని వేఱుచేసి వేరుసెనగ కట్టె, దినమునకు 200 మొదలు 250 గ్రాముల దాణా పెట్టవలెను. దాణా ఒక్కసారిగా పెట్టిన కడుపు చెడును. కొంచెము కొంచెముగా పెంచవలెను. ఒక అంకె పెరుగుటకు ఆఱేడు వారములైన పట్టును.

మేత యుండియు చిక్కినచో క్రింది కనుఱెప్పను త్రిప్పి చూడవలెను. అది పాలిపోయి, దవడక్రింద నీరు దిగినచో నెత్తురు పీల్చు కడుపు పురుగులుండవచ్చును. మందకంతటికి మాటిమాటికి మందు పోసిన పురుగులు ఆ మందునకు లొంగకుండ పోవును గనుక, పాలిపోయినవానికే పశువైద్యుని యడిగి పోయవలెను. కన్ను ఎఱ్ఱగా నున్నచో నోరు తెఱచి పండ్లు చూడవలెను. పండ్లరిగిన ముసలి గొఱ్ఱె ఎండు మొదళ్లను కొఱకలేదు. దానిని తొలకరికి ముందే అమ్మివేయుట మేలు.